ప్రశ్న అడిగే వేళకు మనం ఎదురుగా ఉండం: నెట్‌వర్క్ మీదుగా, మనిషి అవసరం లేకుండా ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడం

(కళాశాలల కంప్యూటర్ ల్యాబ్ సిబ్బంది ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. తడబాట్లు తప్ప వేరే ఏదీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. ఈ హాలులో కూర్చున్నవారిలో దాదాపు అందరూ ల్యాబ్‌లు నడిపేవారే కాబట్టి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. వేసవి సెలవులు ముగుస్తాయి, కొత్త సెమిస్టర్ వారం రోజుల్లో మొదలవుతుంది, అరవై సిస్టమ్‌లున్న ల్యాబ్‌లో ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, మళ్లీ వేయాలని పైనుంచి ఆదేశం వస్తుంది. అప్పుడు మీరు ఏం చేస్తారు? నాలుగైదు పెన్‌డ్రైవ్‌లు తయారు చేసుకుని, ఒక వరుసలో ఒకదాని తరువాత ఒకటిగా పెట్టుకుంటూ, ఇటు ఒక సిస్టమ్ ప్రశ్న అడిగేలోపు అటు ఇంకొకదానికి జవాబు చెబుతూ, గది ఈ చివర నుంచి ఆ చివరకు రోజంతా తిరుగుతారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే తిరిగాను.

డెబియన్ అనే లైనక్స్ ఓఎస్ ఇన్‌స్టాలర్‌నే తీసుకుందాం, ఎందుకంటే ఈ రోజు నేను వివరంగా చెప్పబోయేది దాని గురించే. అది భాష అడుగుతుంది, దేశం అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది, సిస్టమ్ పేరు, డొమైన్ పేరు, రూట్ పాస్‌వర్డ్ రెండుసార్లు, వాడుకరి పేరు, అతని పాస్‌వర్డ్ రెండుసార్లు, డిస్కును ఎలా విభజించాలి, ఏ డిస్కు, నిజంగానే రాయమంటారా, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, ప్రాక్సీ ఉందా, ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఓఎస్‌ను లేపే బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలి అని వరుసగా అడుగుతూనే ఉంటుంది. తక్కువలో తక్కువ పదిహేను ప్రశ్నలనుకున్నా, అరవై సిస్టమ్‌లకు తొమ్మిది వందల జవాబులు. తొమ్మిది వందల జవాబులూ ఒక మనిషి, ఒకే రోజు, ఒకే విధంగా చెప్పగలడా? చెప్పలేడు. సాయంత్రానికి చేతివేళ్లు వాటంతటవే ఎంటర్ నొక్కుతుంటాయి.

అలా నొక్కిన ఒక్క ఎంటర్ ఏం చేస్తుందో చూడండి. భాష ఇంగ్లీషు ఎంచుకున్నాక దేశం అడిగినచోట చూడకుండా ఎంటర్ నొక్కితే, అక్కడ ముందే వెలుగుతూ ఉండేది అమెరికా. దాని వెంట టైమ్‌జోన్ కూడా అమెరికాదే వస్తుంది. ఆ సిస్టమ్ మీద కూర్చున్న విద్యార్థి ఆగస్టు నెలలో పగలు పదకొండింటికి దాచుకున్న ప్రోగ్రాం, ఫైల్ లిస్టులో అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు రాసినట్టు కనిపిస్తుంది. ల్యాబ్ పరీక్ష రోజున ఇన్విజిలేటర్ ఆ సమయం చూసి, ఈ ప్రోగ్రాం పరీక్షకు ముందే రాసి తెచ్చుకున్నదని అనుమానపడితే, ఆ పిల్లవాడు ఏమని నిరూపించుకోవాలి? అతను చేసిన తప్పేమీ లేదు. మే నెలలో మనం నొక్కిన ఎంటర్ అతని మీద పడింది. ఈ పని నెట్‌వర్క్ మీదుగా, మనిషి ఎదురుగా లేకుండా జరగాలని నేను పట్టుబట్టడానికి సమయం ఆదా అవుతుందన్నది రెండో కారణం మాత్రమే. అరవై సిస్టమ్‌లకూ ఒకే జవాబు వెళ్లాలి, ఆ జవాబు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, రేపు ఎవరైనా తీసి చదవగలగాలి. నాకు ముఖ్యమైనది అది.

సరే, సిస్టమ్‌లో ఏమీ లేదు. డిస్కు ఖాళీ, పెన్‌డ్రైవ్ లేదు. పవర్ బటన్ నొక్కాం. అది నెట్‌వర్క్ మీద ఉన్న ఇన్‌స్టాలర్‌ను ఎలా కనుక్కుంటుంది?

నెట్‌వర్క్ కార్డులోనో మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనో ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని పీఎక్స్‌ఈ అంటారు, మనం నోటిమాటగా పిక్సీ అంటాం. ఇంటెల్ రూపొందించిన ఈ నిర్దేశం 2.1 వెర్షన్ 1999లో వచ్చింది, నేటికీ మనం వాడుతున్నది దాదాపు అదే. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి బస్సు దిగి, ఎవరూ తెలియక, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి గట్టిగా కేక వేసినట్టు, ఆ సిస్టమ్ నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా, తనకో ఐపీ అడ్రస్ కావాలని అడిగే డీహెచ్‌సీపీ అభ్యర్థన ఒకటి పంపుతుంది. ఆ కేకలో మూడు సంగతులు ఉంటాయి: నా మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) ఇది, నేను పిక్సీ క్లయింట్‌ను, నా ఫర్మ్‌వేర్ ఫలానా రకం. జవాబుగా మూడు సంగతులు రావాలి: నీ ఐపీ అడ్రస్ ఇది, నీకు కావలసిన ఫైలు ఫలానా సర్వర్‌లో ఉంది, ఆ ఫైలు పేరు ఇది. ఈ చివరి రెండూ రాకపోతే ఐపీ అడ్రస్ వచ్చినా లాభం లేదు.

ఫైలు పేరు తెలిశాక దాన్ని టీఎఫ్‌టీపీ ద్వారా తెచ్చుకుంటుంది. అది 69వ యూడీపీ పోర్టు మీద నడిచే చాలా పాత, చాలా చిన్న పద్ధతి. 512 బైట్ల ముక్క ఒకటి పంపుతుంది, ముట్టిందన్న మాట వచ్చేదాకా ఆగుతుంది, అప్పుడు ఇంకో ముక్క పంపుతుంది. ముక్క పరిమాణం పెంచుకునే వీలు తరువాత కలిపారు కానీ, ఒక్కో ముక్కకూ ఆగి అడిగే స్వభావం పోలేదు. అందువల్ల నా నియమం ఏమిటంటే, టీఎఫ్‌టీపీ చేత బూట్ లోడర్, ఓఎస్ మూలభాగమైన కెర్నల్, దానితోపాటు లోడయ్యే చిన్న ఫైళ్ల మూట ఇనిట్ఆర్‌డీ మాత్రమే మోయించాలి, మిగతా ప్యాకేజీలన్నీ, జవాబుల ఫైలుతో సహా, వెబ్ పేజీలు వచ్చే హెచ్‌టీటీపీ మీదే రావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దయచేసి రాసుకోండి. కేక విన్నవాళ్లు ఒక్కరే జవాబు చెప్పాలి. మీ కళాశాలలో ఇప్పటికే ఒక రౌటర్ ఐపీ అడ్రస్‌లు పంచుతూ ఉంటుంది, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండదు. మీరు ల్యాబ్‌లో ఇంకో డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టారనుకోండి, ఏ సిస్టమ్‌కు ఎవరి జవాబు ముందు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రిన్సిపాల్ గారి గదిలోని కంప్యూటర్‌కు మీ సర్వర్ అడ్రస్ ఇస్తుంది, అక్కడ ఇంటర్నెట్ పోతుంది, కారణం ఎవరికీ అర్థం కాదు. దీనికి రెండు దారులున్నాయి. ల్యాబ్ స్విచ్‌ను మిగతా కళాశాల నుంచి విడదీసి వేరే వీలాన్‌లో, అంటే అదే కేబుళ్ల మీద వేరుచేసిన నెట్‌వర్క్‌లో, పెట్టడం మొదటిది, మంచిది కూడా. అది కుదరనప్పుడు ప్రాక్సీ డీహెచ్‌సీపీ అన్న పద్ధతి ఉంది. డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాంలో రెండు మూడు పంక్తులతో అది వస్తుంది. అడ్రస్ పంచే పని పాత రౌటర్‌కే వదిలి, మన సర్వర్ బూట్ ఫైలు ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. అడ్రస్ ఒకరు ఇస్తారు, దారి ఇంకొకరు చూపిస్తారు, ఇద్దరికీ తగాదా రాదు.

ఫర్మ్‌వేర్ రకం గురించి కూడా ఒక మాట. మీ ల్యాబ్‌లో పాత సిస్టమ్‌లు బయోస్ మీద, కొత్తవి యూఈఎఫ్‌ఐ మీద నడుస్తూ ఉంటాయి. రెండింటికీ ఒకే బూట్ ఫైలు పనికిరాదు. సిస్టమ్ వేసే కేకలో 93వ ఆప్షన్ అని ఒకటి ఉంటుంది, అందులో 0 ఉంటే పాత బయోస్, 7 ఉంటే 64 బిట్ యూఈఎఫ్‌ఐ. డీఎన్ఎస్‌మాస్క్‌లో ఆ సంఖ్యను బట్టి ఒకరికి పిక్సీలైనక్స్ అనే బూట్ లోడర్ ఫైలు, మరొకరికి గ్రబ్ అనే బూట్ లోడర్ ఫైలు ఇవ్వమని రాయాలి. సంతకం లేని బూట్ ఫైలును ఒప్పుకోని సెక్యూర్ బూట్ పెట్టి ఉన్నవాటికి సంతకం ఉన్న షిమ్ ఫైలు ముందు వెళ్లి, అది గ్రబ్‌ను పిలవాలి. సెక్యూర్ బూట్ తీసేసి పని కానిచ్చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అరవై సిస్టమ్‌లలో ఒక్కొక్కదాని సెటప్‌లోకి వెళ్లి దాన్ని తీసేసే బదులు, సర్వర్‌లో ఒక్క ఫైలు సరిగా పెట్టుకోవడం తేలిక.

ఇప్పుడు పనిచేయనప్పుడు ఏం చూడాలి? మీలో కొందరు ఇప్పటికే ప్రయత్నించి వదిలేశారని నాకు తెలుసు, ఉదయం టీ దగ్గర చెప్పారు కదా. తెర మీద నల్లటి నేపథ్యంలో పీఎక్స్‌ఈ-ఈ51 అని వస్తే, కేక వేశాను కానీ ఎవరూ పలకలేదని అర్థం. ఈ53 అని వస్తే, పలికారు కానీ ఫైలు పేరు చెప్పలేదని అర్థం. ఈ32 అని వస్తే, పేరు చెప్పారు, వెళ్లి తలుపు తట్టాను, టీఎఫ్‌టీపీ సర్వర్ తలుపు తీయలేదని అర్థం. ఈ మూడు సంఖ్యలూ మూడు వేర్వేరు చోట్ల వెతకమని చెబుతున్నాయి. ఈ32 వస్తే సర్వర్ మీద ఫైర్‌వాల్ చూడండి. ఈ53 వస్తే డీఎన్ఎస్‌మాస్క్ సెట్టింగులు చూడండి. ఈ51 వస్తే కేబుల్ చూడండి, వీలాన్ చూడండి, ఆ రెండూ బాగుంటే స్విచ్ చూడండి. స్విచ్ ఎందుకు? మేనేజ్డ్ స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ అని ఉంటుంది. పోర్టుకు ప్రాణం రాగానే, ఇక్కడ లూప్ ఏమైనా ఉందేమోనని పదిహేను సెకన్లు వింటూ, మరో పదిహేను సెకన్లు నేర్చుకుంటూ, మొత్తం ముప్పై సెకన్లు ఏ ప్యాకెట్టూ వదలదు. ఆ ముప్పై సెకన్లలో మన సిస్టమ్ కేకలు వేసి వేసి ఊరుకుంటుంది. సిస్టమ్‌లు తగిలే పోర్టుల మీద, ఆ ఆగడం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెడితే ఈ బాధ ఉండదు. నేను ఈ ఒక్క కారణం కోసం రెండు రోజులు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. మీరు కూర్చోకూడదని చెబుతున్నాను.

జవాబుల ఫైలు దగ్గరకు వద్దాం. ఇది ఈ ప్రసంగానికి గుండెకాయ.

డెబియన్‌లో దీన్ని ప్రీసీడ్ అంటారు. రెడ్‌హ్యాట్, ఫెడోరా, వాటి కుటుంబంలో కిక్‌స్టార్ట్ అంటారు. ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ అనే కొత్త పద్ధతి వచ్చింది, అది యామల్ అనే టెక్స్ట్ రూపంలో ఉంటుంది. విండోస్‌కు ఎక్స్‌ఎంఎల్ రూపంలో జవాబుల ఫైలు ఉంది. పేర్లు ఎన్ని ఉన్నా సారం ఒక్కటే: ఇన్‌స్టాలర్ అడగబోయే ప్రతి ప్రశ్నకూ ఒక పేరు ఉంటుంది, ఆ పేరు పక్కన జవాబు ముందే రాసి పెడతాం.

ప్రీసీడ్‌లో ప్రతి పంక్తికీ నాలుగు భాగాలు. ఈ ప్రశ్న ఎవరిది, ప్రశ్న పేరు ఏమిటి, జవాబు ఏ రకం, జవాబు ఏమిటి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటి ఉంది. మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య ఒక్క ఖాళీ మాత్రమే ఉండాలి. అందంగా వరుసలో ఉండాలని రెండు ఖాళీలు పెట్టారంటే, రెండో ఖాళీ మీ జవాబులో భాగమైపోతుంది. డిస్కు పేరుకు ముందు ఒక ఖాళీ చేరుతుంది, అలాంటి పేరుతో డిస్కు ఏదీ ఉండదు, ఇన్‌స్టాలర్ ఆగిపోయి ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఫైలు రాశాక డెబ్‌కాన్ఫ్-సెట్-సెలక్షన్స్ అనే ఆదేశానికి తనిఖీ ఆప్షన్ చేర్చి ఒకసారి నడిపితే పంక్తి రూపంలో ఉండే తప్పులు చాలావరకు బయటపడతాయి. ఈ ఖాళీ తప్పును మాత్రం అది పట్టుకోదు, ఎందుకంటే రూపం ప్రకారం ఆ పంక్తి సరైనదే. దాన్ని కంటితోనే పట్టుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది, ఆలోచించి చూడండి. జవాబుల ఫైలు నెట్‌వర్క్ మీదుగా వస్తుంది. అయితే నెట్‌వర్క్ సిద్ధం కాకముందే ఇన్‌స్టాలర్ భాష అడుగుతుంది, కీబోర్డు అడుగుతుంది. ఫైలు ఇంకా చేతికి రాకముందు అడిగిన ప్రశ్నకు ఫైలులోని జవాబు ఎలా పనికొస్తుంది? పనికిరాదు. అందుకే కెర్నల్‌కు ఇచ్చే పంక్తిలో ఆటో అన్న మాట చేర్చాలి. అప్పుడు ఇన్‌స్టాలర్ భాష, కీబోర్డు ప్రశ్నలను వెనక్కి నెట్టి, ముందు నెట్‌వర్క్‌ను లేపి, ఫైలు తెచ్చుకుని, ఆ తరువాత వాటిని అందులో చూసుకుంటుంది. దానితోపాటు ప్రయారిటీ క్రిటికల్ అని చేర్చితే, అతిముఖ్యం కాని ప్రశ్నలన్నింటికీ తన డిఫాల్ట్ జవాబులే తీసుకుని ముందుకు పోతుంది. ఈ రెండు మాటలూ లేక ఎంతమంది ప్రీసీడ్ పనిచేయదని తేల్చేశారో నాకు తెలుసు.

భాష సంగతి వచ్చింది కాబట్టి మన తెలుగు గురించి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది కానీ, టెక్స్ట్ తెర మీద మన లిపి చూపలేదు, గ్రాఫికల్ తెర కావాలి. మనిషి ఎదురుగా లేని ఇన్‌స్టాలేషన్‌లో ఆ తెరను చదివేవారే లేరు కాబట్టి ఇన్‌స్టాలర్‌ను ఇంగ్లీషులోనే నడవనివ్వండి. తయారైన సిస్టమ్‌లో మాత్రం తెలుగు ఉండాలి. అందుకు ముఖ్య లొకేల్‌గా (సిస్టమ్ వాడే భాష, ప్రాంతాల సెట్టింగుగా) భారతీయ ఇంగ్లీషును పెట్టి, అదనపు లొకేల్‌ల ప్రశ్నకు తెలుగును చేర్చి, ప్యాకేజీల జాబితాలో తెలుగు ఫాంట్ల ప్యాకేజీనీ, టైపు చేయడానికి ఐబస్ ఎం17ఎన్‌నూ కలపండి. టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా. అది రాసిన తరువాత, ఇందాక చెప్పిన ఒంటిగంటన్నర సమస్య అరవై సిస్టమ్‌లలో ఒక్కదానిలోనూ రాదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు మొదటి రోజు సిస్టమ్ ముందు కూర్చుని తమ పేరు తెలుగులో టైపు చేసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేకుండా చేయడం మన చేతిలో ఉన్న పని, మూడు పంక్తుల పని.

ఇక అసలైన ప్రశ్న. డిస్కు.

మామూలు ఇన్‌స్టాలేషన్‌లో, ఈ మార్పులన్నీ డిస్కు మీద రాయమంటారా అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. అక్కడ ముందుగా వెలిగే జవాబు వద్దు అని ఉంటుంది. అది చాలా మర్యాద గల ప్రశ్న. మనిషి ఒక్క క్షణం ఆగి, ఇది ఏ సిస్టమ్, ఇందులో ఏముంది అని చూసుకోవడానికి ఇచ్చిన అవకాశం అది. ప్రీసీడ్‌లో ఏం చేస్తున్నాం? పార్ట్‌మ్యాన్ పేరుతో మొదలయ్యే నాలుగు పంక్తుల్లో, అవును, అవును, అవును, అవును అని ముందే రాసి పెడుతున్నాం. ఆ నాలుగు పంక్తులు రాస్తున్నప్పుడు మన ఎదురుగా ఏ సిస్టమూ లేదు. ఏ డిస్కులో ఏముందో మనం చూడడం లేదు. ఎప్పుడో, ఎక్కడో వెలిగే ఏదో ఒక సిస్టమ్‌కు, అందులో ఉన్నదంతా చెరిపెయ్యి అని ఆజ్ఞ రాసి సర్వర్‌లో పెడుతున్నాం.

నా అనుభవం చెబుతాను. నేను అప్పట్లో పనిచేసిన ఒక కళాశాలలో ల్యాబ్ పని పూర్తయ్యాక సర్వర్‌ను నడుస్తూనే ఉంచాను. పిక్సీ మెనూలో డిఫాల్ట్‌గా ఇన్‌స్టాలేషన్ పెట్టాను, పది సెకన్లు ఆగి దానంతట అదే మొదలయ్యేలా. పక్క గదిలో అధ్యాపకుల సిస్టమ్‌లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. వాటిలో ఒక పాతదానికి మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. బ్యాటరీ లేకపోవడంతో దాని సెట్టింగులన్నీ మొదటికి వచ్చాయి, అందులో నెట్‌వర్క్ బూట్ ముందు ఉంది. అది లేచింది, కేక వేసింది, నా సర్వర్ పలికింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, అడగవద్దని నేనే రాశాను కదా. ఆ మేడమ్ క్లాసు ముగించుకుని వచ్చేసరికి తెర మీద కొత్త లాగిన్ ఉంది. ఫైనలియర్ పిల్లలు నలుగురి ప్రాజెక్టు ఆ డిస్కులో ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, ఇందులో ఇంక ఏమీ దొరకదా అని మాత్రం అడిగారు. దొరకలేదు. ఆ నలుగురూ ఆరు వారాల పనిని మళ్లీ చేశారు. ఆ తప్పు నాది.

అప్పటి నుంచి నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను, ఈ హాలు నుంచి మీరు ఒక్క సంగతి మాత్రమే పట్టుకెళ్తారంటే అది ఇదే కావాలి. డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్కు. పేరు తెలియని సిస్టమ్ వచ్చి అడిగితే సర్వర్ ఇచ్చే జవాబు, నీ డిస్కు నుంచి నువ్వే లేచిపో అన్నది మాత్రమే. ఇన్‌స్టాలేషన్ అన్నది పేరు పెట్టి పిలిచిన సిస్టమ్‌కే జరగాలి. అది ఎలా? పిక్సీలైనక్స్ తన సెట్టింగుల ఫైలును వెతికేటప్పుడు డిఫాల్ట్ అనే పేరు కోసం చిట్టచివర చూస్తుంది. అంతకు ముందు ఆ సిస్టమ్ మ్యాక్ అడ్రస్ పేరుతో ఫైలు ఉందేమో చూస్తుంది: ముందు 01, ఒక చిన్న గీత, ఆ తరువాత మ్యాక్ అడ్రస్ చిన్న అక్షరాల్లో, మధ్యలో కోలన్ బదులు గీతలతో. ఆ పేరుతో ఫైలు పెట్టామంటే ఆ సిస్టమ్‌కు మాత్రమే చీటీ రాసినట్టు. గ్రబ్‌లో కూడా, వచ్చిన సిస్టమ్ మ్యాక్ అడ్రస్ ఒక వేరియబుల్‌లో ఉంటుంది, దానితో ఇదే ఏర్పాటు చేయవచ్చు.

చీటీ రాస్తే సరిపోదు, పని అయ్యాక చింపాలి. ఎందుకు? ఇన్‌స్టాలేషన్ ముగిసి సిస్టమ్ రీబూట్ అవుతుంది, బూట్ క్రమంలో నెట్‌వర్క్ ముందుంటే మళ్లీ సర్వర్‌ను అడుగుతుంది, చీటీ ఇంకా ఉంటే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకుంటుంది, మళ్లీ రీబూట్ అవుతుంది. సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి వెళ్తే తెల్లవార్లూ అదే పని. అందుకని ప్రీసీడ్ చివర లేట్ కమాండ్ అనే చోట, సర్వర్‌కు ఒక చిన్న హెచ్‌టీటీపీ పిలుపు పంపమని రాస్తాను. నా మ్యాక్ అడ్రస్ ఇది, నా పని అయింది అని. సర్వర్‌లోని చిన్న స్క్రిప్టు ఆ పేరుతో ఉన్న ఫైలు తీసేస్తుంది. ఆ పిలుపును ఎవరైనా కొంటెగా పంపితే? చీటీ చిరిగిపోతుంది, ఇన్‌స్టాలేషన్ జరగదు, అంతే. పొరపాటు జరిగినా చెరపని వైపుకే జరగాలి.

డిస్కు పేరు గురించి కూడా జాగ్రత్త. పాత సిస్టమ్‌లో డిస్కు పేరు ఎస్‌డీఏ, కొత్తదానిలో ఉండే ఎన్‌వీఎంఈ రకం డిస్కుకు పేరు వేరే. రెండు డిస్కులున్న సిస్టమ్‌లో ఈ రోజు మొదటిదిగా కనిపించింది రేపు రెండోదిగా కనిపించవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి మరిచిపోతే అది కూడా లెక్కలోకి వస్తుంది. కనిపించిన మొదటి డిస్కును తీసుకో అని రాసే సులువు పద్ధతి ఒకటి ఉంది, నేను దాన్ని వాడను. సిస్టమ్‌ల రకానికి ఒక్కో జవాబుల ఫైలు పెట్టి, డిస్కు పేరు స్పష్టంగా రాస్తాను. కిక్‌స్టార్ట్‌లో ఈ డిస్కు తప్ప మిగతావాటిని ముట్టుకోవద్దని చెప్పే ఆదేశం ఉంది, అది చాలా మంచి ఏర్పాటు. ఉబుంటులో కూడా ఒక మంచి ఏర్పాటు చేశారు: కెర్నల్ పంక్తిలో ఆటోఇన్‌స్టాల్ అన్న మాట లేకపోతే, జవాబుల ఫైలు దొరికినా సరే, డిస్కును ముట్టుకునే ముందు ఒక్కసారి మనిషిని అడుగుతుంది.

పాస్‌వర్డ్‌ల గురించి చెప్పకుండా వెళ్లలేను. జవాబుల ఫైలు హెచ్‌టీటీపీ మీద ఉంది. అంటే ల్యాబ్‌లో కూర్చున్న ఏ విద్యార్థి అయినా బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే ఫైలంతా కనిపిస్తుంది. అందులో రూట్ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో రాశారా? అయితే అది పాస్‌వర్డ్ కాదు, నోటీసు బోర్డు. దానికి బదులు ఎస్‌హెచ్ఏ-512 హ్యాష్, అంటే పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని విధంగా మార్చిన రూపం, తయారు చేసి పెట్టండి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఒక్క ఆదేశంలో వస్తుంది. అది కూడా బయట కనిపించేదే కాబట్టి తీరిక ఉన్నవాడు ఊహించి ఊహించి పట్టుకోగలడు. నేనైతే రూట్ లాగిన్ అసలు లేకుండా చేసి, ఇన్‌స్టాలేషన్ చివర దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కోసం నా పబ్లిక్ కీ మాత్రం పెడతాను. పబ్లిక్ కీ ఎవరు చూసినా నష్టం లేదు.

ఇంటర్నెట్ లైను సంగతి త్వరగా చెబుతాను. ఒక్కో సిస్టమ్‌కు రెండు గిగాబైట్ల ప్యాకేజీలనుకుంటే, అరవైకి నూట ఇరవై గిగాబైట్లు. అదే సరుకును అరవైసార్లు బయట నుంచి తేవడం దేనికి? ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రోగ్రాంను సర్వర్‌లో పెట్టి, ప్రీసీడ్‌లో ప్రాక్సీ ప్రశ్నకు దాని అడ్రస్, 3142 పోర్టు రాయండి. మొదటి సిస్టమ్ తెచ్చుకున్నది మిగతావాటికి సర్వర్ నుంచే వెళ్తుంది. అప్పుడు ఇరుకు సర్వర్ కేబుల్ దగ్గరకు మారుతుంది: ఒక గిగాబిట్ పోర్టును అరవై సిస్టమ్‌లు పంచుకుంటే ఒక్కోదానికి సెకనుకు రెండు మెగాబైట్లు వస్తాయి. కాబట్టి ఒకేసారి అరవైకీ చీటీలు రాయకండి, ఒక వరుస తరువాత ఒక వరుసగా రాయండి.

ముందు వరుసలో కూర్చున్నవారు ఒకరు విరామంలో అడిగారు: ఒక సిస్టమ్ బాగా తయారు చేసి, దాని డిస్కును క్లోన్ చేసి అన్నింటికీ కొట్టేస్తే సరిపోదా అని. సరిపోయే సందర్భాలున్నాయి, అన్నీ ఒకే మోడల్ అయి, మళ్లీ మార్చే అవసరం లేనప్పుడు. కానీ క్లోన్ చేసినప్పుడు సిస్టమ్‌కు ఉండే మెషిన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ కీలు అరవైలోనూ ఒకటే అవుతాయి, వాటిని మార్చే పని వేరుగా గుర్తుపెట్టుకుని చేయాలి. అంతకంటే నాకున్న అభ్యంతరం వేరే. ఆ డిస్కు ఇమేజ్‌లో ఏముందో మీరు సెలవు పెట్టిన రోజున ఎవరు చెప్పగలరు? జవాబుల ఫైలు రెండు వందల పంక్తుల పాఠం. మీ తరువాత వచ్చే ల్యాబ్ అసిస్టెంట్ దాన్ని చదివి, ఈ ల్యాబ్ ఇలా ఎందుకు ఉందో తెలుసుకోగలడు. ప్రతి పంక్తి పైన కారణం రాయండి, తెలుగులోనే రాయండి, ఫైలును, మార్పులన్నీ గుర్తుంచుకునే గిట్‌లో పెట్టండి.

మొదట మీ సొంత సిస్టమ్ మీద వర్చువల్ మెషిన్‌లో ప్రయత్నించండి. అక్కడ డిస్కు చెరిగినా ఎవరి ప్రాజెక్టూ పోదు. ఇన్‌స్టాలర్ ఎక్కడైనా ఆగితే ఆల్ట్, ఎఫ్4 నొక్కండి, లాగ్ అక్కడ పారుతూ ఉంటుంది. ఆల్ట్, ఎఫ్2 నొక్కితే షెల్ వస్తుంది. ఆగిపోయిందంటే మీరు జవాబు రాయని ప్రశ్న ఒకటి మిగిలి ఉందని అర్థం. దాని పేరు లాగ్‌లో చూసి, ఫైలులో చేర్చి, మళ్లీ మొదలుపెట్టండి. నాలుగైదు సార్లు ఆగుతుంది, ఆగనివ్వండి.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న సిస్టమ్‌కు నేను చీటీ రాస్తున్నాను. దీని మ్యాక్ అడ్రస్ క్యాబినెట్ మీద కాగితం అంటించి రాసి ఉంది, మీ ల్యాబ్‌లో కూడా అరవైకీ అలా అంటించండి. ఇద్దరు ముందుకు వచ్చి, కాగితం మీద ఉన్నదీ తెర మీద నేను టైపు చేసినదీ ఒకటేనా చదివి చెప్పండి. ఒకరు చదవాలి, ఇంకొకరు సరిచూడాలి. సరిపోయిందా? పవర్ నొక్కుతున్నాను. ఇక దీన్ని ఎవరూ ముట్టుకోనక్కరలేదు. ఇది ముగిసి రీబూట్‌కు వెళ్లేసరికి మీరు చూడవలసింది కొత్తగా వచ్చే లాగిన్ తెరను కాదు, సర్వర్‌లో ఈ మ్యాక్ అడ్రస్ పేరుతో ఉన్న ఫైలు పోయిందా లేదా అన్నది. పోకపోతే కేబుల్ తీసేయండి, ఎందుకు పోలేదో తెలిసేదాకా మళ్లీ పెట్టకండి.